పెన్ను గీతలున్న సీసా

ట్రైనింగు క్లాసులకు పిలిచినప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నన్ను ఒకటే అడిగేవారు: "మీ సర్వీసులో ఒక మంచి సక్సెస్ స్టోరీ చెప్పండి మేడమ్." నా దగ్గర అలాంటిది లేదు. ఉన్నదేదో ఒకసారి చెప్పాను. ఆ తర్వాత నన్ను పిలవడం మానేశారు. అందుకే రాస్తున్నాను. కాగితం అయితే మధ్యలో లేచి టీకి వెళ్లదు.

పట్టణ పేదల పథకాల్లో ఇరవై రెండేళ్లు పనిచేశాను. చివరి నాలుగేళ్లు, సికింద్రాబాద్ స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లూ వాకిలీ లేని ఆడవాళ్ల కోసం నడిపే ఒక షెల్టర్‌కి ఇన్‌ఛార్జిని. యాభై ఒకటో ఏట స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. మోకాళ్ల నొప్పులని అందరికీ చెప్పాను. నా మోకాళ్లు బాగానే ఉన్నాయి.

మాది గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. అమ్మా నాన్నా ఇద్దరూ టీచర్లు. మా ఇంట్లో దగ్గు మందు సీసా మీద కూడా ఏం రాసి ఉందో చదివి గానీ మూత తీసేవారు కాదు. తాగుడంటే బలహీనత, బలహీనతంటే ప్రార్థన తక్కువవడం. నేను ఎమ్మే సోషియాలజీ చదివాను. ఆ చదువు ఈ నమ్మకానికి వెల్ల వేసి కొత్తగా కనిపించేలా చేసింది తప్ప కాస్త కూడా కదపలేదు.

కాబట్టి షెల్టర్‌లో నా మొదటి నియమం: తాగి వచ్చినవాళ్లకి మంచం లేదు. పైనుంచి వచ్చిన మార్గదర్శకాల్లో ఇది ఇంత గట్టిగా లేదు. "తోటివారికి ఇబ్బంది కలిగించనివారికి" అని ఏదో మెత్తగా ఉండేది. మెత్తటి మాటలు నాకు గిట్టవు. గేటు దగ్గర నిలబడి ప్రతి ఒక్కరినీ నేనే పేరడిగేదాన్ని. పేరు కోసం కాదు, నోరు తెరిపించి వాసన చూడటానికి. నా ముక్కు గురించి ఆఫీసులో పొగిడేవారు. నేను పొంగిపోయేదాన్ని.

నేను చెప్పబోయే మనిషికి నలభై దాటి ఉంటాయి. సైనిక్‌పురిలో ఒక ఇంట్లో పదేళ్లు వంట చేసింది. ఆ ఇంటివాళ్లు ఇల్లు అమ్మేస్తే, వంటింటి వెనక ఆమె పడుకునే గది కూడా దాంతోపాటే పోయింది. కాప్రాలో మేస్త్రీల దగ్గర ఇటుకలు మోసింది. అక్కడ పొద్దుగూకితే ఆడా మగా అందరూ కల్లు కాంపౌండ్‌కే. పని లేని రోజుల్లో కూడా కాంపౌండ్ మాత్రం ఉండేది. చివరికి స్టేషన్ బయటి ఫుట్‌పాత్‌కి చేరింది. మా దగ్గరికి వచ్చినప్పుడు రెండుసార్లు నేనే గేటు నుంచి తిప్పి పంపాను. మూడోసారి వాసన లేదు, చాలా తక్కువ మాట్లాడింది, లోపలికి రానిచ్చాను.

రెండు వారాల్లో ఆమె వంటింటిని తన చేతిలోకి తీసుకుంది. ఇరవై మందికి పప్పు ఎలా వండాలో, ఒక్క టమాటా లేకుండా చారు ఎలా కాయాలో ఆమెకి తెలుసు. నేను రోజూ ఓ పావుగంట తాగుడు గురించి ఉపన్యాసం ఇచ్చేదాన్ని. ఆమె చింతపండు పిక్కలు తీస్తూ వినేది. మనిషి మారుతోంది, నా మాటల వల్లే మారుతోంది అనుకున్నాను. మా పై అధికారికి కూడా అదే చెప్పాను. ఆయన్ని ఇక్కడ 'సారు' అంటాను. సారు సంతోషించారు. "షెల్టర్‌లో ఉన్నవాళ్లలోంచే ఒకరిని వంట సహాయకురాలిగా వేసుకోవచ్చు. పూర్తిగా మానేసి ఉండాలి, అంతే. గురువారం ఇన్‌స్పెక్షన్‌కి వస్తాను, అక్కడే ఆర్డరు చేతికిద్దాం, ఫోటోకి బాగుంటుంది" అన్నారు.

ఆ ఉద్యోగంతో పాటు వంటింటి పక్కనున్న స్టోర్ రూమ్ కూడా ఆమెకి వస్తుంది. ఆ గది చూపించడానికి తీసుకెళ్లాను. బియ్యం డ్రమ్ములు జరిపితే ఒక చాప పడుతుంది, అంతే.

"మేడమ్, గీ తలుపుకు గడియ లోపటికెల్లి ఉన్నదా?"

"ఉంది. ఎందుకు?"

ఆమె లోపలికి వెళ్లి తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఏడుస్తోందేమోనని తలుపు కొట్టాను. నవ్వుతూ బయటికి వచ్చింది.

"ఏం లే మేడమ్. జెరసేపు ఉండి సూసిన, ఎట్లుంటదో అని."

"ఇప్పుడు అర్థమైందా, తాగుడు మానితే ఏం వస్తుందో?"

"మానుడు తెల్వక కాదు మేడమ్. ఫుట్‌పాత్ మీద తాగకుండ ఎట్ల పండాలె? కండ్లు మూస్తె ఎవడొస్తడో అని పానం కొట్టుకుంటది. తాగి పంటె ఎవడొచ్చినా ఎర్కుండదు."

ఈ మాట విని నేనేం చేశానో చెప్తాను, దాచను. కౌన్సెలింగ్ రిజిస్టర్ తెరిచి, 'తాగుడుకు కారణం' అన్న గడిలో 'నిద్రలేమి' అని రాసి సంతకం పెట్టాను.

సోమవారం పొద్దున సంగతి. మా వాచ్‌మన్‌కి అరవై దాటాయి. బన్సీలాల్‌పేట్ మనిషి, వయసులో ఉన్నప్పుడు ఒక కల్లు కాంపౌండ్‌లో సీసాలు కడిగేవాడు. ఆమె అతన్ని 'కాకా' అనేది. గేటు పక్కన అతని కుర్చీ కింద ఒక రేకు పెట్టె ఉంటుంది. తాళంచెవి కోసం ఆ పెట్టె తెరిస్తే గుడ్డలో చుట్టిన లీటరు ప్లాస్టిక్ సీసా కనిపించింది. సగం దాకా తెల్లటి కల్లు. సీసా మీద పైనుంచి కిందిదాకా బాల్‌పెన్నుతో అడ్డగీతలు, మెట్లలాగా.

"ఏంటయ్యా ఇది? నా షెల్టర్‌లో, నా కళ్ల ముందు?"

"మీ కండ్ల ముందట గాదు మేడమ్, మీ ఎనుకనే."

అతని నోరు అలాంటిది. ఇంకో రోజైతే నవ్వేదాన్ని.

"ఎవరికి తెస్తున్నావు?"

"మీకెర్కనే గదా." సీసా నా చేతిలోంచి తీసుకుని గీతల మీద వేలు పెట్టి చూపించాడు. "గిది చెట్టుకెల్లి దిగిన కల్లు గాదు మేడమ్. దీంట్ల మత్తు పొడి కలుపుతరు. ఏండ్ల సంది తాగినోళ్లకు ఒక్కపారే బంద్ వెడితె పిచ్చి లేస్తది, ఫిట్స్ వస్తయి. నేను కాంపౌండ్ల సూసిన. అందుకే రోజొక గీత తక్కువ జేస్కుంట వస్తున్న. సూడుండ్రి, పైకెల్లి ఈడిదాంక దిగింది. ఇంక పది రోజులైతె సీసా ఖాళీ."

"గురువారం సారు వస్తున్నారు."

"సారును పది రోజులాగి రమ్మనుండ్రి."

"ఆయనది నీలాగా కుర్చీలో కూర్చునే ఉద్యోగం కాదు."

"మేడమ్, నా మాట ఇనుండ్రి. ఆమెకు తక్లీఫ్ అయితది. లేకుంటె దవాఖానల ఏయుండ్రి, ఆడ సూదులిచ్చి తగ్గిస్తరు."

ఆసుపత్రి అన్న మాటకి నాకు ఇంకా మండింది. ఎందుకంటే ఆమె మా దగ్గర చేరిన కొత్తలో, తాగుడు మాన్పించే వార్డులో చేర్పిద్దామని ఒకసారి తీసుకెళ్లాను. ఓపీలో ఆధార్ కార్డు అడిగారు, లేదన్నాను. అటెండెంట్ ఎవరన్నారు, నేనే అన్నాను. "మీరు బంధువు కాదు కదా, బంధువు లేకుండా అడ్మిట్ చెయ్యం" అన్నారు. నేను వాళ్లకి ఇంగ్లీషులో గట్టిగా పది నిమిషాలు క్లాసు పీకాను. కౌంటర్ వెనకున్న మనిషి తలొంచుకున్నాడు. వాదనలో గెలిచాను. గెలిచి, ఆమెను అదే ఆటోలో వెనక్కి తీసుకొచ్చాను. మళ్లీ వెళ్లలేదు. ఇంకో కిటికీ దగ్గర, ఇంకో మనిషిని, కాస్త తగ్గి బతిమాలి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. బతిమాలడం నాకు చేతకాదు.

అందుకే వాచ్‌మన్‌తో ఆ మాట అన్నాను. "ఇందులో నీకెంత ముడుతోంది?" అని.

ముసలాయన గేటు తాళంచెవి జేబులోంచి తీసి కుర్చీ మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నేను సీసా తీసుకుని వంటింట్లోకి వెళ్లి తూములో పోశాను. ఆమె పొయ్యి దగ్గర నుంచి చూస్తోంది.

"మేడమ్, జెరంత ఉంచుండ్రి. నేనే ఇడుస్త. కాకా జెప్పిండు, పది రోజులల్ల అయిపోతదని."

"పది రోజులు కాదు. ఇవాళే. ఆ గది కావాలా వద్దా?"

"కావాలె."

"అయితే గురువారం దాకా గేటు దాటకు."

"దాటను మేడమ్."

దాటలేదు కూడా. చెప్పిన మాట నిలబెట్టుకుంది. ఇన్నేళ్ల సర్వీసులో నేను చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి ఆమె ఒక్కతే.

మంగళవారం చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. విషం దిగుతోంది అనుకున్నాను. మజ్జిగ ఇచ్చాను, నిమ్మరసం ఇచ్చాను. బుధవారం అన్నం ముట్టలేదు. చీమలు పాకుతున్నాయని చేతులు గోక్కుంది. చీమలు లేవు. మంచం మీద కూర్చుని పక్కన ఎవరితోనో మాట్లాడుతోంది, సైనిక్‌పురి ఇంట్లో మనుషులతో అనుకుంటాను, "కూర దించిన అమ్మా, దించిన" అంటోంది. పక్క మంచం ఆవిడ నా దగ్గరికి వచ్చి, "మేడమ్, ఈమె సంగతి మంచిగ లేదు, దవాఖానకు తోల్కపోదాం" అంది. "మానేసేటప్పుడు ఇలాగే ఉంటుంది. ఒక్క రోజు ఓర్చుకోనివ్వండి" అన్నాను. ఆమె మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేశాను. ఏమని చేశానో గుర్తుంది: ప్రభువా, గురువారం గడిచేదాకా నిలబెట్టు. ఆమె ప్రాణం గురించి కాదు, గురువారం గురించి.

గురువారం పదకొండింటికి సారు వచ్చారు. వెంట ఫోటో తీసేవాడు. ఆమెకి నేనే తల దువ్వి, నా చీరల్లోంచి ఒక నేత చీర కట్టించాను. వంటింటి గడప దగ్గర నిలబెట్టాను. సారు ఆర్డరు కాగితం పట్టుకుని, నవ్వుతూ, "ఏమ్మా, ఇప్పుడు ఆరోగ్యం ఎలా ఉంది?" అన్నారు.

ఆమె ఆయన వెనక గోడ వైపు చూస్తూ, "తలుపు ఎయ్యుండ్రి, వాళ్లొస్తున్నరు" అంది. ఆ వెంటనే నిలువునా పడిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. నోట్లోంచి నురగ వచ్చింది. ఫిట్సు ఆగుతాయని ఎవరో ఇనుప తాళంచెవుల గుత్తి ఆమె చేతిలో పెట్టారు. ఫోటో తీసేవాడు కెమెరా కిందికి దించాడు, అంత మర్యాద అతనికి ఉంది. సారు నాతో మెల్లగా అన్న మాట: "మానేసిందన్నారు కదండీ?"

"మానేసింది సార్" అన్నాను. అప్పటికీ నాకు అర్థం కాలేదు.

అంబులెన్సులో వెళ్లాం. ఈసారి కార్డు ఎవరూ అడగలేదు. చావు దగ్గరికి వచ్చినవాళ్లకి మన దగ్గర కాగితాలు అక్కర్లేదు, బతకాలనుకునేవాళ్లకే కావాలి. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్నపిల్ల, నా కూతురంత ఉంటుంది.

"ఏం తీసుకుంది మేడమ్ ఈమె?"

"ఏమీ తీసుకోలేదు. మూడు రోజులుగా చుక్క ముట్టలేదు. నేను గ్యారంటీ."

ఆ అమ్మాయి రాస్తున్నది ఆపి తలెత్తింది. "అంతకుముందు?"

"కల్లు. చాలా ఏళ్లుగా."

"కాంపౌండ్ కల్లా? ఒక్కసారే ఆపేసిన్రా? మేడమ్, అట్ల ఆపితే ప్రాణం మీదికొస్తది. అడ్మిట్ చేసి, మందులిచ్చి మెల్లగా తగ్గిస్తం. మీకెవరూ చెప్పలేదా?"

"చెప్పారు."

"ఎవరు?"

"మా వాచ్‌మన్."

ఆ అమ్మాయి నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిరిగి తిట్టేదాన్ని, అది నాకు చేతనవును. రాస్తున్న కాగితం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఐసీయూలో ఫిట్సు తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వచ్చాయి. శనివారం పొద్దున ఆమె పోయింది.

ఆదివారం చర్చికి వెళ్లకుండా బన్సీలాల్‌పేట్ వెళ్లాను. ముసలాయన గది మెట్లబావికి రెండు సందుల అవతల. బావి దగ్గర జనం ఫోటోలు దిగుతున్నారు. ఒకప్పుడు చెత్తతో పూడిపోయిన బావి అది. బుట్టలకి బుట్టలు మట్టి ఎత్తి, ఒక్కో రాయీ కడిగి, ఎక్కడా పగలకుండా ఓపిగ్గా బయటికి తీశారు. మంచి పని. అలా నిలబడి చూస్తుంటే, రాయికి అంత నెమ్మది కావాలని తెలిసిన మనుషులం, మనిషికి మూడు రోజుల గడువిచ్చాం అనిపించింది. మనుషులం అంటున్నాను కానీ గడువిచ్చింది నేను.

పిల్లలూ, మీకు మీటింగుల్లో చెప్పనిది ఇక్కడ చెప్తాను. మన ఊళ్లు ఫుట్‌పాత్ మనిషితో ముందు మానెయ్, తర్వాత మంచం ఇస్తాం అంటాయి. మంచం లేకుండా మానడం కుదరదని ఆమె నాకు రెండు వాక్యాల్లో చెప్పింది, నేను దాన్ని గడిలో ఒక్క మాటకి కుదించాను. ఫ్లైఓవర్ల కింద ఎవరూ పడుకోకుండా జాలీలు కట్టి పూలకుండీలు పెడతాం, వాటికి రోజూ నీళ్లు పోయడానికి మనిషిని పెడతాం. పెద్దవాళ్లు వస్తున్నారంటే నలుగురిని వ్యాన్ ఎక్కించి ఊరవతల దింపుతాం, వారానికి వాళ్లు నడిచి తిరిగొస్తారు. తాళం వేసుకునే గది ముందు ఇవ్వాలి, మందులిచ్చే డాక్టరు ఆ గది దగ్గరికే రావాలి, మానడానికి ఆమెకి పట్టినన్ని రోజులు పట్టనివ్వాలి. ఇందులో మనకి తెలియనిది ఏదీ లేదు. ఈ ముక్కే తర్వాత రాసి పైకి పంపాను. 'ప్రస్తుత నిబంధనల మేరకు వ్యవహరించగలరు' అని జవాబు వచ్చింది. తాగి వస్తే మంచం లేదన్న నియమం నాదేనని చెప్పాను కదా, అప్పటికి అది వాళ్ల నిబంధన అయిపోయింది. చెడ్డ పనికి మాత్రం మన దగ్గర ఎంత తొందరగా కాగితం పుడుతుందో.

ముసలాయన నన్ను చూసి లేచి, ఉన్న ఒక్క కుర్చీ నాకు వేశాడు.

"చాయ్ తాగుతరా మేడమ్?"

"ఆమె పోయింది."

"ఎర్కనే. నిన్ననే తెలిసింది." చాయ్ గిన్నె పక్కన పెట్టాడు. "ఆఖరికి ఏమన్న అన్నదా?"

"నిన్ను పిలిచింది. గడియ పెట్టు కాకా అంటూనే ఉంది."

"మీరు పెట్టిన్రా?"

"ఐసీయూ తలుపుకి గడియ ఉండదు."

తల ఊపాడు. నేను వచ్చిన పని చెప్పాను. ఎంత ముడుతోందని అడిగినందుకు క్షమించమన్నాను. నా జీవితంలో ఆ మాట అనడం అలవాటు లేక, ఆఫీసు ఉత్తరంలా వచ్చింది. తిరిగి డ్యూటీకి రమ్మన్నాను.

"రాను మేడమ్. నేనొస్తె మల్ల గదే జేస్త. మీరు మల్ల గదే అడుగుతరు."

"అడగను."

"ఇయ్యాల అడగరు." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే వాదించేదాన్ని. గుమ్మం దాకా వచ్చి అన్నాడు: "ఇంకొకలు వస్తరు మేడమ్. గాళ్లకన్న జెరంత టైమియ్యుండ్రి."

"ఇస్తాను" అన్నాను.

మర్నాడు సోమవారం. గేటు దగ్గర వాచ్‌మన్ లేడు, నేనే కూర్చున్నాను. తొమ్మిదింటికి ఒకావిడ వచ్చింది. ముప్పై ఐదు ఉంటాయేమో, సంచి ఒకటి చంకలో.

"మేడమ్, పండనీకి జాగ ఉన్నదంట గదా. నేను తాగుత మేడమ్, అబద్ధం జెప్ప. రోజూ కల్లు తాగుత. మానాలె అని ఉన్నది. జెర ఒక్కకాడ నిలవడితె మానుత."

ఏం చెయ్యాలో ఆ క్షణాన సికింద్రాబాద్ మొత్తంలో నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. ఎందుకు ఒక్కసారే ఆపకూడదో తెలుసు, ఏ ఆసుపత్రిలో ఏ డాక్టరమ్మని అడగాలో తెలుసు. లోపల ఒక మంచం ఖాళీగా ఉంది. ఆమెను లోపలికి రానిస్తే, నియమం మీరినందుకు నన్నేం చేస్తారో అన్న భయం లేదు. ఉన్న భయం ఒకటే. ఈమె కూడా నా చేతుల్లో పోతే? ఫుట్‌పాత్ మీద పోతే అది ఊరి లెక్క. ఇక్కడ పోతే నాది.

"ఖాళీ లేదమ్మా" అన్నాను.

"ఒక్క మూలకు పండుత మేడమ్."

"లేదన్నాను కదా."

ఆమె వాదించలేదు. సంచి రెండో చంకలోకి మార్చుకుని నడిచింది. ఎటు వెళ్లిందో నేను చూడలేదు. చూస్తే పిలవాల్సి వచ్చేది.